నృగుని గోతుల నుండి జాలీ గూటి వరకు: అహోబిల నేపథ్యంలో ఊసరవెల్లి ఆవాస కల్పన – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఊసరవెల్లికి మనిషి ఆవాసం కల్పించడమనే ఆలోచన ఆధునిక పెంపకందారులతో మొదలైంది కాదు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలోని నృగోపాఖ్యానంలోనే దానికి ఒక పూర్తి నమూనా ఉంది. ఆ నమూనాను భాగవత కథతో పోల్చి, పదిహేడవ శతాబ్ది పారిస్ నుండి 1927 నాటి లండన్ సరీసృప భవనం వరకు జరిగిన ప్రయోగాలను, తెలుగు నేలపై సరీసృపాల, పక్షుల నిర్బంధానికి సంబంధించిన రెండు సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆవాసాన్ని మనిషి ఊహలను బట్టి కట్టినప్పుడు ప్రాణి నిలవలేదని, అది బతికే అడవిని చూసి కట్టినప్పుడే నిలిచిందని ప్రతిపాదిస్తుంది. ఇందుకు అహోబిలం పరిసరాల అడవిని కొలమానంగా తీసుకుంటుంది.

కీలక పదాలు: ఊసరవెల్లి, కృకలాసం, నృగోపాఖ్యానం, అహోబిలం, నల్లమల, ఆవాసం, వన్యప్రాణి సంరక్షణ చట్టం.

ఉపోద్ఘాతం

‘తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు’ అన్న సామెత తెలుగువారందరికీ తెలిసినదే. మాట నిలకడలేని మనిషిని, పార్టీలు మార్చే నాయకుణ్ణి ఎత్తిపొడవడానికి దీనిని వాడుతారు. ప్రాణిశాస్త్రం దృష్టిలో మాత్రం ఈ సామెత తప్పు. తొండ ఎంత ముదిరినా తొండగానే ఉంటుంది. అది నేల మీద, కంచెల మీద, గోడల మీద చురుకుగా పరుగెత్తే ప్రాణి. ఊసరవెల్లిది వేరే కుటుంబం. దాని వేళ్ళు రెండు ఒక వైపు, మూడు మరొక వైపు కలిసి పట్టకారులాగా కొమ్మను పట్టుకుంటాయి. తోక కొమ్మకు చుట్టుకుంటుంది. కళ్ళు రెండూ వేరువేరు దిక్కులకు తిరుగుతాయి. నాలుక శరీరం కంటె పొడవు. భారతదేశంలో సహజంగా ఉన్న నిజమైన ఊసరవెల్లి జాతి ఒక్కటే. లారెంటి అనే శాస్త్రవేత్త 1768లో దానికి ‘కెమీలియో జైలానికస్’ అని పేరు పెట్టాడు. పేరులో సింహళం ఉన్నా, దక్షిణాపథంలోని ఎండు అడవులన్నింటా, నల్లమలతో సహా, అది నివసిస్తుంది. ఊసరవెల్లి అన్న మాట కొద్దిపాటి ఉచ్చారణ భేదంతో కన్నడంలోనూ ఉంది. రెండు భాషలు కలిసే రాయలసీమ పొదలలోనే ఈ ప్రాణి కూడా కనిపించడం విశేషం.

సామెతలో ఉన్న గందరగోళం సామెతతోనే ఆగిపోలేదు. ఈ ప్రాణిని పట్టుకుని ఇంట్లో ఉంచుకోవాలని చూసిన వారందరినీ అది వెంటాడింది. ఊసరవెల్లిని తొండలాగా, బల్లిలాగా భావించి పెట్టెలో ఉంచితే ఏమవుతుందో ఇటీవలి దశాబ్దాల వరకు చాలామందికి అనుభవం మీదనే తెలిసింది. ఆ అనుభవం మూల్యం ప్రతిసారీ ఆ ప్రాణే చెల్లించింది. ‘మొదటిసారి ఊసరవెల్లిని పెంచేవారు ఎటువంటి గూడు ఏర్పరచాలి?’ అన్నది పైకి చిన్న ప్రశ్నే. దాని వెనుక రెండువేల ఏళ్ళకు మించిన ఊహలు, పొరపాట్లు, దిద్దుబాట్లు ఉన్నాయి.

నృగుడు తవ్వించుకున్న మూడు గోతులు

నృగుని కథ తెలుగువారికి ఎక్కువగా భాగవతం ద్వారా పరిచితం. గోదానంలో జరిగిన పొరపాటు వల్ల ఆ రాజు కృకలాసమై నీరులేని బావిలో పడి ఉంటాడు. ఆటలాడి దాహంతో నీళ్ళకోసం వెదకుతున్న యాదవ కుమారులు ఆ కొండంత ప్రాణిని చూస్తారు. తాళ్ళతో, తోలు పట్టెలతో పైకి లాగాలని ప్రయత్నించి విఫలులవుతారు. చివరకు కృష్ణుడు ఎడమచేత్తో అవలీలగా పైకెత్తి శాపవిముక్తుణ్ణి చేస్తాడు. ఇక్కడ ఆవాసం లేదు, ఉన్నది చెర. బావి ఆ ప్రాణిని బంధించింది తప్ప పోషించలేదు.

ఉత్తరకాండ కథ ఇందుకు పూర్తిగా భిన్నం. రాముడు లక్ష్మణునికి ఈ కథ చెప్పే సందర్భమే వేరు. రాజద్వారానికి వచ్చిన కార్యార్థులను నిరీక్షింపజేయరాదన్నది అక్కడి విషయం. ఒక గోవు విషయంలో తగవు పడిన ఇద్దరు బ్రాహ్మణులు రాజదర్శనం దొరకక రోజుల తరబడి వేచి ఉండి, సర్వభూతాలకూ కనబడని కృకలాసమై గోతిలో పడి ఉండమని నృగుణ్ణి శపిస్తారు. ‘కనబడకుండా ఉండడం’ అన్న విశేషణం ఊసరవెల్లికి ఎంత చక్కగా అమరుతుందో గమనించదగినది. ప్రజలకు దర్శనమివ్వని రాజు ఎవరికీ దర్శనం లేని ప్రాణి అయ్యాడు.

శాపవార్త తెలిసిన తరువాత నృగుడు చేసిన పని ఈ వ్యాసానికి ముఖ్యం. అతడు విలపించలేదు, ప్రార్థించలేదు. కుమారుడైన వసువుకు పట్టం కట్టి, శిల్పులను పిలిపించాడు. మూడు గోతులు తవ్వమన్నాడు: ఒకటి వానను ఆపేది, మరొకటి చలిని ఆపేది, మూడవది ఎండను ఆపేది, తాకితే సుఖంగా ఉండేది. పండ్ల చెట్లు, పూల తీగలు, నీడనిచ్చే పొదలు విరివిగా నాటమన్నాడు. చుట్టూ సుగంధ పుష్పాలు ఉండాలన్నాడు. శాపకాలమంతా అక్కడ సుఖంగా గడుపుతానన్నాడు.

వ్యాఖ్యాతల దృష్టి సాధారణంగా ఈ ఘట్టంలోని రాజధర్మం మీద ఉంటుంది. ఆవాస కల్పన దృష్టితో చదివితే మరొక విషయం బయటపడుతుంది. గోతుల కర్త మనిషి, నివాసి ప్రాణి, కాని ఇద్దరూ ఒక్కరే. రేపు తాను ఏ ప్రాణి కాబోతున్నాడో ఆ ప్రాణి శరీరంతో ఆలోచించి రాజు గూడు కట్టించుకున్నాడు. అలా ఆలోచించినందువల్లనే అతనికి ఒక ఉష్ణోగ్రత చాలదని తోచింది. తన శరీరంలో వేడి పుట్టించుకోలేని ప్రాణి ఒక చోటు నుండి మరొక చోటుకు మారుతూ దేహతాపాన్ని సరిచూసుకుంటుంది. వెచ్చని చోటు, చల్లని చోటు, తడి లేని చోటు మూడూ అందుబాటులో ఉండాలి. ఆధునిక పెంపకంలో అన్నింటికంటె ముందు చెప్పే సూత్రం కూడా ఇదే. రామాయణ కవికి ప్రాణిశాస్త్రం తెలుసునని వాదించడం ఇక్కడి ఉద్దేశం కాదు. అటువంటి వాదాలకు విలువ లేదు. మూడు ఋతువుల ఎండావానలను గమనించిన మనిషికి ఈ మాత్రం తోచడం సహజమే.

నృగుని నమూనాలో లోటు కూడా ఉంది. అతడు గోతులు తవ్వించాడు. కొమ్మలను పైన, గోతి చుట్టూ ఉంచాడు. ఊసరవెల్లి నేల ప్రాణి కాదు. గోతిలో ఉంచితే దానికి పై నుండి వచ్చే ప్రతిదీ శత్రువే. ఈ లోటుకు కారణం బహుశా ‘కృకలాస’ పదంలోనే ఉంది. అమరకోశం దీనికి ‘సరటం’ అన్న పర్యాయపదం ఇస్తుంది. పంచాంగాలలోని శకున భాగాలలో బల్లిపాటుతో పాటు సరటారోహణ ఫలం కూడా కనిపిస్తుంది. మనిషి ఒంటి మీదికి ఎక్కే సరటం ఇళ్ళ చుట్టూ తిరిగే తొండ కావడానికే ఎక్కువ అవకాశం. కృకలాసం ఒక చోట తొండ, మరొక చోట ఊసరవెల్లి. తెలుగు సామెతలోని కలగలుపు సంస్కృత నిఘంటువులోనూ ఉన్నదన్నమాట. గోతి తొండకు సరిపోతుంది. తొండ నేలలో బొరియలలోనూ, రాళ్ళ సందుల్లోనూ తలదాచుకోగలదు.

అహోబిలం: అడవి చెప్పే కొలతలు

ప్రస్తుతం నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ మండలంలో ఉన్న అహోబిలానికి ‘అహో బలం’, ‘అహో బిలం’ అని రెండు వ్యుత్పత్తులు చెబుతారు. నరసింహుని పరాక్రమాన్ని దేవతలు కీర్తించడం మొదటిది. స్వామి వెలసిన గుహను చూసి ఆశ్చర్యపోవడం రెండవది. రెండవ వ్యుత్పత్తి ప్రకారం ఊరి పేరులోనే ఒక ఆవాసం ఉంది. నవ నారసింహ క్షేత్రాలలో రెండు చెట్ల పేర్లతో ఉన్నాయి. కానుగ చెట్టు నీడలో ఉన్నవాడు కారంజ నరసింహుడు. గొడుగులాగా పరుచుకున్న మర్రి కింద ఉన్నవాడు ఛత్రవట నరసింహుడు. నృగుడు గోతుల చుట్టూ కోరిన నీడ ఇక్కడ సహజంగా ఉంది.

దిగువ అహోబిలం నుండి ఎగువ అహోబిలానికి వెళ్ళే దారిలో అడవి రెండు మూడు సార్లు స్వభావం మార్చుకుంటుంది. దిగువన పరికి, కలివి, తంగేడు వంటి పొదలు. పైకి పోయేకొద్దీ నల్లమద్ది, ఏగిస, తునికి, వెదురు. భవనాశిని పారే లోయలో నేరేడు, కానుగ వంటి నీటి చెంత చెట్లు. వేసవిలో నంద్యాల ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. అయితే ఆ అంకె ఎండలో నిలబడిన మనిషికి మాత్రమే వర్తిస్తుంది. మద్ది చెట్టు గుబురులో, నేలకు పదిహేను అడుగుల ఎత్తున, ఆకుల వెనుక ఉన్న ప్రాణికి అది వర్తించదు. అక్కడ గాలి ఆగదు. ఉదయపు ఎండ కొమ్మ చివరకు తగులుతుంది, మధ్యాహ్నం నీడ లోపలి కొమ్మలకు దొరుకుతుంది. నైరుతి వానలు, ఆ తరువాత ఈశాన్య వానలు తడిపిపోతాయి. వాన లేని నెలలలో తెల్లవారుజామున ఆకుల మీద మంచు బిందువులు నిలుస్తాయి.

ఈ మంచు బిందువులను తేలికగా తీసుకోరాదు. ఊసరవెల్లి సాధారణంగా పాత్రలో నిలిచిన నీటిని తాగదు. కదలని నీటిని అది నీరుగా గుర్తించదని పెంపకందారుల అనుభవం. ఆకు మీద మెరిసే బిందువును, జారే చుక్కను నాకుతుంది. అందువల్ల నీళ్ళు నిండిన మూకుడు ఎదురుగా ఉన్నా దాహంతో చనిపోయిన ఊసరవెల్లులు పెంపకం చరిత్రలో ఎన్నో ఉన్నాయి. యాదవ కుమారుల కథలో బావి ఎండిపోయి ఉంది. ఒకవేళ అందులో నీళ్ళున్నా ఆ ప్రాణికి ఉపయోగం ఉండేది కాదు.

రంగు విషయంలోనూ అడవి చెప్పేది వేరు. ఊసరవెల్లి తానున్న చోటి రంగును అనుకరిస్తుందన్నది లోకవ్యాప్తమైన నమ్మకం. మామూలు స్థితిలో దాని ఆకుపచ్చ ఆకులలో కలిసిపోతుందన్నంత వరకు అది నిజం. రంగు మార్పునకు ప్రధాన కారణాలు వేడి, వెలుతురు, భయం, ఎదుట నిలిచిన మరొక ఊసరవెల్లి. చర్మకణాలలోని సూక్ష్మ స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్ల కాంతి వేరుగా ప్రతిఫలిస్తుందని జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో మడగాస్కర్ ఊసరవెల్లి మీద చేసిన అధ్యయనంలో చూపారు. పెంచేవారికి దీని ప్రయోజనం చాలా ఉంది. ఉదయం నల్లబడిన ఊసరవెల్లి వెచ్చదనం కోసం ఎండను పీల్చుకుంటున్నది కావచ్చు. రోజంతా నల్లగానే ఉంటే గూటిలో ఏదో సరిగా లేదని అర్థం.

గాలి మేసే ప్రాణి

అడవిని చూడకుండా కల్పించుకున్న ఊహలలో అతి ప్రమాదకరమైనది ఐరోపాలో పుట్టింది. అరిస్టాటిల్ ఊసరవెల్లి శరీరాన్ని శ్రద్ధగా వర్ణించాడు. తరువాత వచ్చిన రోమన్ రచయిత ప్లినీ మాత్రం అది తినదు, తాగదు, గాలి మాత్రమే పీల్చి బతుకుతుందని రాశాడు. రోజుల తరబడి ఆహారం లేకుండా నిలవగల ప్రాణిని చూసి కలిగిన భ్రమ ఇది. ఈ మాట పదిహేను వందల ఏళ్ళకు పైగా చెలామణి అయింది. గాలి మేసే ప్రాణికి ఆహారం పెట్టవలసిన అవసరం ఎవరికి తోస్తుంది? పుస్తకంలోని ఒక వాక్యం ఎన్ని ప్రాణులను ఆకలితో చంపిందో లెక్క కట్టడం అసాధ్యం.

పారిస్‌లోని రాజ విజ్ఞాన అకాడమీ తరఫున క్లోద్ పెరో ఒక ఊసరవెల్లిని కోసి పరిశీలించి 1669లో వర్ణన ప్రకటించాడు. నాలుకతో అది ఈగలను పట్టడం, కడుపులో పురుగుల అవశేషాలు ఉండడం బయటపడటంతో గాలి కథకు పునాది కదిలింది. అదే నగరంలో నవలా రచయిత్రి మదలెన్ ద స్కుదెరి 1670లలో ఈజిప్టు నుండి తెప్పించిన రెండు ఊసరవెల్లులను ఇంట్లో పెంచింది. వాటి చరిత్రను 1688లో ప్రచురించింది. జంతువులు స్పర్శ, బాధ లేని యంత్రాలన్న డెకార్ట్ వాదాన్ని ఆమె అంగీకరించలేదు. ఊసరవెల్లిని ఒక ఇంటి ప్రాణిగా, తనకంటూ స్వభావం ఉన్నదిగా చూసి రాసిన తొలి రచనలలో ఇది ఒకటి. కత్తితో చూసిన పెరో, ఒడిలో పెట్టుకు చూసిన స్కుదెరి ఒకే కాలంలో ఒకే నగరంలో ఉండడం ఆసక్తికరం. జీర్ణవ్యవస్థ గురించి పెరో చెప్పినది సరైనది. ప్రాణికి గూడు కావాలన్న ఆలోచన మాత్రం స్కుదెరి వైపు నుండే వచ్చింది. అయితే ఎండు అడవిలో పుట్టిన ప్రాణికి పారిస్ చలికాలంలో తగిన గూడు ఏమిటో చెప్పడం ఆనాటికి ఎవరికీ సాధ్యం కాలేదు.

గాజు పెట్టె, ఎండ

పందొమ్మిదవ శతాబ్దం గాజును నమ్మింది. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూసిన గాజు పెట్టెలో మొక్కలు ఏళ్ళ తరబడి బతుకుతాయని 1829లో యాదృచ్ఛికంగా గమనించాడు. ఆ పెట్టెలు ఓడల మీద మొక్కలను ఖండాలు దాటించాయి. కొద్ది కాలంలోనే చేపలకూ, కప్పలకూ, బల్లులకూ నివాసాలయ్యాయి. ప్రపంచంలో మొట్టమొదటి సరీసృప భవనం లండన్ జంతుశాలలో 1849లో తెరచుకుంది. చూడవచ్చిన వారికి గాజు సౌకర్యం. లోపలి ప్రాణికి, అందులోనూ ఊసరవెల్లికి, గాజు మూడు విధాల శత్రువు. గాలి నిలిచిపోయి తేమ కుళ్ళుతుంది, ఊపిరితిత్తులకు వ్యాధి సోకుతుంది. గాజులో తన ప్రతిబింబాన్ని చూసి, ఒంటరిగా ఉండే స్వభావం గల ఈ ప్రాణి ఎదుట ప్రత్యర్థి నిలిచి ఉన్నాడని భావించి నిరంతరం కలత చెందుతుంది. మూడవ శత్రుత్వం కంటికి కనబడనిది. మామూలు గాజు ఎండలోని అతినీలలోహిత కిరణాలలో అవసరమైన భాగాన్ని అడ్డగిస్తుంది. వెలుతురు లోపలికి వస్తుంది, ఎండ రాదు.

ఈ మూడవ విషయం ప్రాణుల వైద్యం నుండి కాక పసిపిల్లల వైద్యం నుండి తెలిసింది. ఎముకలు వంగిపోయే రికెట్స్ వ్యాధి ఉన్న పిల్లలను అతినీలలోహిత దీపపు వెలుగులో ఉంచి నయం చేయవచ్చని బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్షిన్స్కీ 1919లో నిరూపించాడు. కొద్ది ఏళ్ళలో విటమిన్ డి పేరు స్థిరపడింది. దాని ఫలితం జంతుశాలలకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1927లో లండన్‌లో తెరచిన కొత్త సరీసృప భవనాన్ని రూపొందించిన జోన్ ప్రాక్టర్ అప్పటికి ముప్పై ఏళ్ళు నిండని యువతి. చిన్ననాటి నుండి ఇంట్లో సరీసృపాలను పెంచిన అనుభవం ఉంది. ఆమె ఒకే ఆవరణలో వేరువేరు చోట్ల వేరువేరు వేడి ఉండేటట్లు విద్యుత్ తాపనాన్ని అమర్చింది. అతినీలలోహిత కిరణాలను లోనికి రానిచ్చే ప్రత్యేకమైన గాజును వాడింది. మూడు గోతులలో మూడు ఋతువులు అన్న ఆలోచన ఇక్కడ ఒకే పెట్టెలో మూడు మూలలుగా మారింది. అనారోగ్యంతో ప్రాక్టర్ 1931లో, 34వ ఏట మరణించింది. ఆమె ఏర్పరచిన పద్ధతి మిగిలింది.

ఊసరవెల్లులు ఎండను ఎంతగా ‘లెక్క’ చూసుకుంటాయో తరువాత తెలిసింది. ఆహారంలో విటమిన్ డి తక్కువైన ఊసరవెల్లులు అతినీలలోహిత కాంతికి ఎక్కువసేపు ఒళ్ళు చూపుతాయని, ఎక్కువైనవి తక్కువసేపు చూపుతాయని గ్యారీ ఫెర్గూసన్ బృందం 2003లో ప్రకటించింది. అంటే గూటిలో ఎండతో పాటు ఎండ నుండి తప్పుకునే చోటు కూడా ఉండాలి. రెండింటిలో ఏది లేకున్నా ప్రాణి చేతిలోని నిర్ణయాన్ని మనిషి లాక్కున్నట్టే.

తెలుగు నేలపై రెండు సందర్భాలు

సరీసృపాలను పట్టి ఉంచి పరిశీలించిన తొలి పాశ్చాత్య శాస్త్రజ్ఞులలో ప్యాట్రిక్ రస్సెల్ ఒకడు. అతడు 1780లలో విశాఖపట్నంలో ఉండి పాములను సేకరించాడు. 1796లో వెలువడిన కోరమండల్ తీరపు పాముల గ్రంథంలో స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే రోమన్ లిపిలో నమోదు చేశాడు. కట్లపాము జాతికి ఇప్పటికీ వాడే ‘బంగారస్’ అన్న శాస్త్రీయ నామం ఆ విధంగా తెలుగు ‘బంగారు’ నుండి వచ్చిందే. రస్సెల్ ప్రశ్న ఒక్కటే: ఏ పాము కాటు చంపుతుంది? సేకరించిన పాముల విషాన్ని కుక్కల మీద, కోళ్ళ మీద పరీక్షించాడు. ప్రాణి పేరు తెలుగులో దొరికింది. దాని జీవనం ఎవరూ అడగలేదు.

రెండవ సందర్భం అహోబిలానికి దక్షిణాన, ఎండు రాయలసీమలోనే, కడప జిల్లాలో జరిగింది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ ద్వారా 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అందరూ భావించారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి వద్ద ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దానిని పట్టుకున్నాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ దానిని గుర్తించాడు. ఎనభై ఆరేళ్ళ తరువాత దొరికిన ఆ పక్షి చేతికి చిక్కిన తరువాత ఎక్కువకాలం బతకలేదు. పట్టిన వారిలో క్రూరత్వం ఏమీ లేదు. దానిని బతికించే జ్ఞానం అప్పటికి లేదు. అది తిరిగే కలివి పొదల నడుమ ఖాళీ నేలను, రాత్రి సంచారాన్ని, ఆహారాన్ని ఏ పంజరం కల్పించగలదు? ఆ సంఘటన తరువాత ప్రభుత్వం ఎంచుకున్న మార్గం పంజరం కాదు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. గూడు పక్షి దగ్గరకు రాలేదు, గూడు ఉన్న చోటికే సరిహద్దు గీశారు.

ఊసరవెల్లికి కలివికోడికి ఉన్నంత గౌరవం లేదు. అరుదైనది కాదు, అందమైనది అనిపించుకోదు, శకునాలలో చెడ్డపేరు ఉంది. అయితే నిర్బంధంలో రెండింటి కథ ఒకటే.

నేటి గూడు

విదేశాలలో చట్టబద్ధంగా ఊసరవెల్లిని పెంచేవారు నేడు అనుసరించే పద్ధతిని అహోబిలం అడవి పక్కన పెట్టి చూడడం ఉపయుక్తం. మొదటిసారి పెంచేవారు ఎక్కువగా ఎంచుకునేది యెమెన్, సౌదీ అరేబియా కొండలకు చెందిన, తల మీద ఎత్తైన కిరీటం వంటి ఎముక గల జాతి. నిర్బంధంలో పుట్టిన పిల్లలు దొరకడం, ఎండను కొంత తట్టుకోవడం ఇందుకు కారణాలు. పెద్ద ప్రాణికి కనీసం రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు గల గూడు కావాలి. ఇక్కడ వెడల్పు కంటె ఎత్తు ముఖ్యం. ఊసరవెల్లికి భద్రత అంటే మనిషి కంటికి పై ఎత్తున ఉండడం. అందుకే గూటిని నేల మీద కాక బల్ల మీద ఉంచుతారు. గోడలకు గాజు కాక సన్నని జాలీ వాడుతారు. చలి ప్రాంతాలలో రెండు మూడు వైపులు మూసి, పైభాగం జాలీగా వదలడమూ ఉంది.

లోపల అడ్డంగా, ఏటవాలుగా వేలి మందం నుండి బొటనవేలి మందం వరకు కొమ్మలు. మందారం, మర్రి జాతికి చెందిన కుండీ మొక్కలు, మనీ ప్లాంట్ తీగలు. ఆకులు ఎంత గుబురుగా ఉంటే ప్రాణి అంత నిబ్బరంగా ఉంటుంది. పూర్తిగా కనబడే ప్రాణి పూర్తిగా భయపడిన ప్రాణి. కొత్తగా పెంచేవారు సాధారణంగా చేసే పొరపాటు ఇక్కడే: కొన్నది చూడడానికి కదా అని ఆకులు తగ్గిస్తారు.

పైన ఒక మూల వేడి దీపం, దాని పక్కన అతినీలలోహిత గొట్టపు దీపం ఉంటాయి. దీపం కింది కొమ్మ దగ్గర ఉష్ణోగ్రత 30 నుండి 35 డిగ్రీల మధ్య ఉండి, కిందికి దిగేకొద్దీ తగ్గాలి. రాత్రి అన్ని దీపాలూ ఆర్పి చల్లబడనివ్వాలి. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు. అతినీలలోహిత దీపం పైకి వెలుగుతున్నట్టే కనిపించినా కొన్ని నెలలకు అవసరమైన కిరణాలు క్షీణిస్తాయి కనుక ఏడాదిలోపే మార్చాలి. ఉదయం, రాత్రి సన్నని తుంపర ఆకులను తడపాలి. చుక్కచుక్కగా జారే ఒక నీటి అమరిక ఉండాలి. మధ్యలో గూడు ఆరిపోవాలి; నిరంతరం తడిగా ఉన్న గూడు చెరువు గట్టు అవుతుంది, అడవి కాదు. మిడతలు, చిమ్మెటల వంటి కీటకాలకు ముందుగా మంచి ఆకుకూరలు మేపి, కాల్షియం పొడి అద్ది వేస్తారు. ఒక గూటిలో ఒకే ఊసరవెల్లి ఉండాలి. జంటగా ఉంటే తోడు అన్న భావన మనిషిదే.

ఈ అమరికలో ప్రతి వస్తువుకూ అడవిలో ఒక మూలం ఉంది. జాలీ అంటే లోయలో ఆగని గాలి. తుంపర అంటే తెల్లవారుజాము మంచు. దీపం అంటే కొమ్మ చివరి ఎండ. వీటిలో ఏదీ అలంకారం కాదు. నృగుని మూడు గోతులు ఒకదానిపై ఒకటి నిలబెట్టినట్టు, పైన గ్రీష్మం, మధ్య వర్షం, కింద శీతకాలం ఉంటాయి. రాజు శిల్పులకు చెప్పనిది ఆ నిలువు అమరిక ఒక్కటే.

చట్టం గీసిన ఆవరణ

భారతదేశంలో ఈ గూటిని ఇక్కడి ఊసరవెల్లికి కట్టడానికి వీలు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని రక్షిత ప్రాణుల షెడ్యూళ్ళలో చేర్చింది. చట్టంలో ‘వేట’ అన్న మాటకు చంపడం మాత్రమే కాక పట్టుకోవడం, ఉచ్చు వేయడం కూడా అర్థం. అహోబిలం దారిలో కనిపించిన ఊసరవెల్లిని ముచ్చటపడి సంచిలో వేసుకుని తీసుకుపోవడం నేరమే. విదేశీ ఊసరవెల్లుల విషయం కొంత వేరు. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నందువల్ల వాటి క్రయవిక్రయాలు నియంత్రణలో ఉంటాయి. 2022 సవరణ, దాని కింద 2024లో వచ్చిన నియమాలు అటువంటి జీవులను కలిగి ఉన్నవారు కేంద్ర ప్రభుత్వపు ‘పరివేష్’ పోర్టల్ ద్వారా నమోదు చేసుకోవాలని నిర్దేశించాయి. పత్రాలు లేని ప్రాణిని కొన్నవాడు దాని కోసం ఎంత మంచి గూడు కట్టినా చట్టం దృష్టిలో నిలవదు.

గూడు సరిగా లేకపోతే ప్రాణి మాత్రమే నష్టపోతుందనుకోవడం కూడా పొరపాటు. 1972లో ఆఫ్రికా నుండి హవాయికి తెచ్చిన కొన్ని డజన్ల మూడు కొమ్ముల ఊసరవెల్లులను, ప్రయాణపు బడలిక తీరాలని పెంపుడు జంతువుల వ్యాపారి ఒకరు పెరటిలో వదిలారు. అవి చుట్టుపక్కలకు పాకి, ఆ దీవులలో స్థిరపడి, అక్కడి కీటకాలనూ నత్తలనూ తింటున్నాయి. అర్ధశతాబ్దం తరువాత కూడా ఆ పెరటి తలుపు మూయడం ఎవరి వల్లా కాలేదు.

అహోబిలం వైపు ఊసరవెల్లి నేల మీద కనిపించే సందర్భాలు తక్కువ. ఒక కొమ్మ నుండి మరొక చెట్టుకు పోవలసి వచ్చినప్పుడు, అడుగు వేయాలా వద్దా అన్నట్టు ముందుకూ వెనక్కూ ఊగుతూ దారి దాటుతుంది. యాత్రికుల వాహనాల కింద పడేది అప్పుడే. తారు రోడ్డు మీద ఆగిపోయిన దానిని చూసినవారు ఒక కర్రను అందిస్తే అదే పట్టుకుని ఎక్కుతుంది. అది పోతున్న దిక్కుననే దగ్గరలోని కొమ్మకు చేర్చితే చాలు. గాయపడి ఉంటే అటవీశాఖ వారికి తెలపాలి. నేలకు దిగే మరొక సందర్భం ఆడదానిది. గుడ్లు పెట్టవలసిన వేళ అది చెట్టు దిగి, తేమ ఉన్న మెత్తని మన్ను వెదకి, ముందు కాళ్ళతో గంటల తరబడి తవ్వుతుంది. గొయ్యి తన ఒళ్ళు పట్టేంత లోతు అయిన తరువాత పది నుండి ముప్పై వరకు గుడ్లు పెట్టి, మన్ను కప్పి, పైన ఆనవాలు లేకుండా అదిమి, తిరిగి చెట్టెక్కుతుంది.